రష్యన్ ‘ఒఖోత’: భయం దాచిన మాటా, సరదా తెచ్చిన మాటా?

పదశోధకుడు:
రష్యన్‌లో వేటను ‘ఒఖోత’ అంటారు. అదే మాటకు కోరిక, ఇష్టం అనే అర్థాలూ ఉన్నాయి. రష్యన్, పోలిష్ వంటి స్లావిక్ భాషలకు వేటకు ఉమ్మడి మాట ‘లోవ్’ ఉండగా ఇది దాని స్థానంలోకి ఎందుకు వచ్చింది? వేటకు పోతున్నామని పైకి అంటే మృగం పసిగడుతుందన్న భయంతో వేటగాళ్లే అసలు మాటను దాచారని నా అభిప్రాయం. సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో అర్క్తోస్ అయిన ఎలుగుబంటి పాత పేరును వదిలి, స్లావులు దానిని ‘మెద్వేద్’ అనడానికీ ఇటువంటి భయమే కారణమంటారు. నేటికీ రష్యన్లు ‘బొచ్చూ వద్దు, ఈకా వద్దు’ అని, అంటే మృగమూ పక్షీ దొరకవద్దని, తిరగేసి శుభం పలుకుతారు; అది వేటగాళ్ల మాటే.

జిజ్ఞాసి:
‘మెద్వేద్’ అంటే తేనె జాడ ఎరిగినదని ఎక్కడో చదివాను, నిజమేనాండీ?

అక్షరమిత్ర:
కాదండీ, అది జనం తరువాత కల్పించుకున్న అర్థం. అసలు అర్థం ‘తేనె తినేది’. మధు, అద కలిసి ‘మధ్వద’ అయినట్టే అక్కడా ‘మెదు’లోని ఉకారం వకారమైంది, మన యణాదేశ సంధి తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక పదశోధకుడు గారి వాదానికి వస్తాను. ఎలుగు పేరు సంగతి ఒప్పుకుంటాను గాని, ఆ సూత్రాన్ని వేట పేరుకూ అతికించడానికి ఆధారం చాలదు. 1125లో మరణించిన కీవ్ రాజు వ్లాదిమిర్ మొనొమాఖ్ తన బిడ్డలకు రాసిన హితబోధలో అడవి ఎద్దులు తనను గుర్రంతో సహా కొమ్ములతో విసిరేశాయనీ, అడవి పంది తన తొడ మీది కత్తిని లాగేసిందనీ, ఎలుగు మోకాలి దగ్గరి జీను గుడ్డను కొరికిందనీ చెబుతూ, ఆ వేటలన్నిటినీ ‘లోవ్’ అనే మాటతోనే బాహాటంగా పేర్కొన్నాడు. జార్ అలెక్సేయ్ కాలంలో, 1656 నాటి డేగవేట నియమావళిలో, వేట ఏకంగా ‘పొతేఖ’, అంటే వినోదం. వేట ప్రభువుల సరదా అయిన చోట ఇష్టాన్ని తెలిపే మాటే దాని పేరు కావడంలో వింత లేదు. పోలిష్‌లో ‘పొలొవానియె’ పొలం అనే అర్థమున్న ‘పొలె’ నుండి వచ్చింది. అక్కడ ఏ భయాన్ని వెతుకుతాం?

పదశోధకుడు:
వేట ముగించి క్షేమంగా ఇల్లు చేరిన రాజు రాసుకున్న మాట, తెల్లవారుజామున అడవికి బయలుదేరే పల్లె వేటగాడి నాలుకకు సాక్ష్యం కాదు గదా.

అక్షరమిత్ర:
నిజమే. అయితే మూఢనమ్మకాలలో జాలరులు వేటగాళ్లకు ఏమీ తీసిపోరు. వారి చేపల వేటకు మాత్రం రష్యన్‌లో నేటికీ ‘లోవ్’ కుటుంబానికే చెందిన ‘లోవ్ల్య’ నిలిచి ఉంది. భయమే కారణమైతే, అక్కడ ఆ మాట ఎందుకు దాగలేదో మీరే చెప్పాలి.