గ్రబ్ ఉన్న లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ పెడితే ప్రతిసారీ 48 అంకెలు అడుగుతోంది

అందరికీ నమస్కారం. కర్నూలు కలెక్టరేట్ దగ్గర నాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. లాప్‌టాప్ నిండా జనాల ఆధార్ స్కాన్లు, పట్టాదారు పాస్‌బుక్కులు, 1బి కాపీలే. పోయిన నెల పక్క షాపతను బస్సులో లాప్‌టాప్ బ్యాగు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పత్తికొండ నుంచో ఆదోని నుంచో వచ్చిన రైతు నన్ను నమ్మి పాస్‌బుక్కు చేతిలో పెడతాడు. అది ఎవడి చేతిలోనో పడితే ఆయనకు ఏం సమాధానం చెప్పాలి?

అందుకే విండోస్ 11 ప్రోలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ చేశాను. విండోస్ లాంటి ఇంకో సిస్టమ్ లినక్స్ మింట్ కూడా ఉంది కాబట్టి, ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ ముందు వస్తుంది, అందులోంచే విండోస్‌లోకి వెళ్తాను. ఇప్పుడు వెళ్లిన ప్రతిసారీ నీలం తెర మీద రికవరీ కీ అడుగుతోంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ముక్కలు, నోట్‌బుక్ చూసి కొట్టాలి. కౌంటర్ ముందు పొద్దున్నే నలుగురు నిలబడి ఉంటారు. లినక్స్ తీసేయాలా?

జవాబు 1 (అనంతపురం):
తీసేయొద్దన్నా. బిట్‌లాకర్ తాళంచెవి లాప్‌టాప్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్ దగ్గర ఉంటుంది. పవర్ నొక్కినప్పటి నుంచి ఏమేం నడిచాయో అది కొలత తీసుకుంటుంది. తాళం వేసిన రోజు కొలతతో ఈరోజుది కలిస్తేనే తెరుస్తుంది. మధ్యలో గ్రబ్ వస్తే కొలత మారుతుంది, అందుకే అడుగుతోంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగ్స్) విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెచ్చుకోండి. ఒక్కసారి కీ కొట్టి లోపలికి వెళ్లి, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి మళ్లీ రెజ్యూమ్ చేయండి, అప్పుడు కొత్త కొలతతో తాళం పడుతుంది. లినక్స్ కావాల్సినప్పుడు బూట్ మెనూ మీట నొక్కండి, చాలావాటిలో ఎఫ్12.

జవాబు 2 (కడప):
ఒక మాట సార్. బిట్‌లాకర్ కాపాడేది విండోస్ భాగాన్నే. మింట్ భాగం తెరిచే ఉంది, దానికి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే లక్స్ (లినక్స్‌లో డిస్క్‌కు వేసే తాళం) పెట్టుకోవాలి. అందాకా కస్టమర్ల ఫైళ్లు అటువైపు ఉంచకండి. ఇంతకీ ఆ నోట్‌బుక్ ఎక్కడ పెడుతున్నారు?

అడిగినవారు:
తమ్ముడు చెప్పినట్టు చేశాను. రెండు రోజులుగా కీ అడగలేదు, చాలా థాంక్స్. కడప సార్, నోట్‌బుక్ లాప్‌టాప్ బ్యాగులోనే ఉండేది. మీరు అడిగాకే గుండె ఝల్లుమంది. కీ ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టాను, నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపేశాను. మింట్ డౌన్‌లోడ్స్‌లో కూడా ఆధార్ స్కాన్లు కనిపించాయి. ఆదివారం షాపు మూసి, బ్యాకప్ తీసుకుని, మింట్‌ను లక్స్‌తో మళ్లీ ఎక్కిస్తాను.