అప్‌డేట్: ఆల్టోనా, వేగనారా అని అడిగినా కదా, తెచ్చుకున్నాం

రెండు నెలల కింద ఇక్కడే మిమ్మల్ని అడిగినాను, కర్నూలు టౌన్లో తిరగడానికి మారుతి కార్లలో ఆల్టో కె10 మేలా, వేగనార్ 1.0 మేలా అని. రెండింట్లోనూ 998 సీసీ మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజనే, చవకదైన ఆల్టో చాలన్నారు చాలామంది. నేనూ అదే అనుకున్నా. కానీ మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆల్టోలో కూర్చుని, దిగడానికి డోర్ పట్టుకుని మూడుసార్లు తంటాలు పడింది. వేగనార్‌లో మంచం మీద కూర్చున్నట్టే కూర్చుంది. అంతే, వేగనార్‌లో ఏఎంటీ, అంటే క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు దానంతటదే మార్చుకునే రకం, బుక్ చేసేసినాం.

మైలేజీ అంటారా, ట్యాంకు ఫుల్ చేసి లెక్కేస్తే 412 కిలోమీటర్లకు 25.6 లీటర్లు తాగింది. అంటే లీటరుకు 16. మా కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ ట్రాఫిక్‌లో, ఏసీ ఆపకుండా. మన ఎండకు ఆపేదెట్లా! గేరు మారేటప్పుడు చిన్న కుదుపుంది. ఆ క్షణం యాక్సిలరేటర్ కొంచెం వదలమని మీలో ఒకన్న చెప్పినాడు, పనిచేసిందన్నా.