అడిగితే "నాడి పట్టి చెప్పరాదు?" అంటరు, చైనా వైద్యంల పేషెంట్‌ని ప్రశ్నలు ఎట్ల అడగాలె?

దేవరకొండ_చెల్లె:
నమస్తే అందరికి. ఆక్యుపంక్చర్ డిప్లొమా అయిపోయి ఇప్పుడు నల్లగొండల ఒక సీనియర్ మేడం క్లినిక్‌ల పని నేర్చుకుంటున్న. సూదులు మేడమే పెడ్తది, పేషెంట్ రాంగనే కూసోబెట్టి అన్ని అడిగి కేసు రాసుడు నా పని. క్లాసుల చెప్పిన పది ప్రశ్నలు నోటికే వస్తయి, సలి జరం, చెమట, తల ఒళ్లు నొప్పులు, దొడ్డికి ఒంటికి, తిండి, ఛాతి కడుపు, చెవులు, దూప, పాత రోగాలు, ఇప్పటి రోగం ఎందుకు మొదలైంది. ఆడోళ్లకైతే నెలసరి గూడ.

ఇబ్బంది ఏందంటే చండూరు, నాంపల్లి దిక్కెల్లి వచ్చే పెద్దమనుషులు కూసోంగనే చెయ్యి చాపుతరు. నేను నోరు తెరిస్తే "అన్ని మేమే చెప్తే ఇగ నువ్వేం చెప్తవ్ బిడ్డా, నాడి పట్టి చెప్పరాదు?" అంటరు. అడిగేటోళ్లకు ఏం తెల్వదని వాళ్ల లెక్క. సరే అని ఓపికగ అడిగితే ప్రతిదానికి "ఆ, ఉంటది" అంటరు. చెమట పడ్తదా, పడ్తది. దూపైతదా, అయితది. ఏప్రిల్ నెలల మన దగ్గర చెమట పట్టనోళ్లు, దూప కానోళ్లు ఎవరు ఉంటరు, గది రాసుకొని నేనేం చేసుకోవాలె? ఇంకోటి, కోడలిని నెలసరి గురించి అడుగుదామంటే అత్త పక్కనే కూసుంటది, కోడలి బదులు అత్తనే జవాబు చెప్తది. అనుభవం ఉన్నోళ్లు జర చెప్పండి, నాకు ఈ పని మంచిగ రావాలె.

పాలమూరు_సూదిమందు:
చెల్లె, మంచి ప్రశ్న అడిగినవ్, నేను మహబూబ్‌నగర్ల ఇదే పని చేస్త కాబట్టి నాకు తెలిసింది చెప్త. ముందు ఆ నాడి సంగతి. ఇది మన దగ్గరి రోగం ఒక్కటే కాదు, చైనాల గూడ జనం గట్లనే ఉండె. వాళ్ల పాత గ్రంథం హువాంగ్‌ది నైజింగ్, అండ్ల సువెన్ భాగం 78వ అధ్యాయంల ఇదే తప్పు పట్టిండ్రు. రోగం ఎట్ల మొదలైంది, మనసుల ఏం దిగులున్నది, తిండి ఎట్లున్నది, బతుకు ఎట్ల నడుస్తున్నది, ఏమన్న విషం తగిలిందా, ఇవి ఏవీ అడగకుంట గబుక్కున మణికట్టు పట్టుకుంటే ఏ రోగం దొరుకుతది అని. రెండువేల ఏండ్ల కింది మాట. సోంగ్ కాలం కవి సు దోంగ్‌పొ (1037–1101) అయితే పేషెంట్ల దిక్కు నుంచి రాసిండు, పెద్దపెద్దోళ్లు రోగం దాచిపెట్టి చెయ్యి చాపి వైద్యుని పరీక్ష చేస్తరు, నేను మాత్రం ముందే అన్ని చెప్పుకుంట, నాకు రోగం తగ్గుడు కావాలె గని వైద్యుని ఇరికిచ్చుడు కాదు అని. మీ పెద్దమనుషులకు ఈ ముచ్చట చెప్పు, నేను చెప్త, చానామంది నవ్వి చెప్పుడు షురూ చేస్తరు. ఇంకో ఉపాయం, వాళ్లు చెయ్యి చాపితే వద్దనకు, నాడి మీద వేళ్లు పెట్టే అడుగు. వాళ్ల మనసు నిమ్మలం అయితది, నీ పని నీకైతది.

నువ్వు చెప్పిన పది ప్రశ్నలు మింగ్ కాలంల జాంగ్ జింగ్‌యుయె (1563–1640) అనే వైద్యుడు పాట లెక్క రాసిన వరుస, తర్వాత చెన్ షియుయువాన్ అనే వైద్యుడు దాన్ని జర మార్చిండు, మనకు క్లాసుల చెప్పేది ఎక్కువ గదే. పాట ఎందుకంటే ఏదీ మర్చిపోవద్దని, అంతే. పేషెంట్ ముందట దాన్ని వరుసపెట్టి చదివితే "ఆ, ఉంటది" తప్ప ఇంకేం రాదు. ప్రతి ప్రశ్నకు కింద కొమ్మలు ఉంటయి, అసలు విషయం ఆడ దొరుకుతది.

దూపనే తీస్కో. దూపైతదా అని ఆగకు. అయితే ఎసొంటి నీళ్లు తాగబుద్ధయితది, కుండ నీళ్లా, ఫ్రిజ్ నీళ్లా, కాచిన నీళ్లా? చెంబెడు తాగుతరా, నోరు తడుపుకొని పక్కకు పెడ్తరా? సల్లటివి కడుపు నిండ తాగుతరంటే మన లెక్కల లోపల వేడి ఉన్నట్టు. నోరు ఎండుతది గని తాగబుద్ధి కాదు, తాగినా గోరువెచ్చటివి రెండు గుక్కలే అంటే కథ పూరా వేరే, సలువో తేమో చూడాలె. చెమట గూడ గట్లనే. పొలంల పట్టే చెమట లెక్క కాదు. ఊకె కూసున్నా, జర నడిచినా కారిపోతే మన లెక్కల క్వి (ఒళ్లుల నడిచే శక్తి), యాంగ్ (వేడి ఇచ్చే గుణం) తక్కువ ఉన్నట్టు, నిద్రల పట్టి లేవంగనే ఆగిపోతే యిన్ (సల్లదనం, తడి ఇచ్చే గుణం) తక్కువ. అందుకే "చెమట పడ్తదా" అనకు, "పొద్దుగాల లేచేసరికి మెత్త తడిసి ఉంటదా" అని అడుగు, దానికి ఎవరూ ఊకె ఆ అనరు.

సలి దగ్గర ఇంకా సూక్ష్మం ఉన్నది. దుప్పటి కప్పుకుంటే సలి పోతదా, రెండు దుప్పట్లు కప్పినా పోదా? పోతే ఒళ్లుల యాంగ్ తక్కువ, పోకుంట జరం గూడ ఉంటే బయటి నుంచి తగిలిన రోగం. నొప్పికైతే, ఒత్తితే సుఖమా, ముట్టనియ్యరా? ఒత్తమంటే బలహీనం, ముట్టనియ్యకపోతే లోపల ఏదో నిండి ఉన్నట్టు. ఒక్క తాన సూది పొడిచినట్టుంటే నెత్తురు కదుల్తలేదని, తిరుగుకుంట ఉబ్బినట్టుంటే క్వి కదుల్తలేదని పట్టుకుంటం.

ఒక్క జవాబుతోని ఎన్నడు తీర్మానం చెయ్యకు చెల్లె. దూప, చెమట, దొడ్డికి, నాలుక, నాడి, ఇన్ని ఒక్క దిక్కే చూపియ్యాలె. ఒక్కటి ఎదురు తిరిగితే మళ్ల అడుగు.

పీహెచ్‌సీ_నాగర్‌కర్నూల్:
నేను ఎంబీబీఎస్ డాక్టర్‌ని. యిన్, యాంగ్ లెక్కల మీద నాకు నమ్మకం లేదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ పేషెంట్‌ని ఇంత ఓపిగ్గా అడగడం మాత్రం నాకు చాలా నచ్చింది, మా ఓపీలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దొరకవు. మీ దగ్గర ఆ టైం ఉంది కాబట్టి కొన్ని జవాబులు వినపడగానే సూది పక్కన పెట్టి మా దగ్గరికి పంపమని అడుగుతున్నా.

రాత్రి మెత్త తడిసే చెమట, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే యిన్ తక్కువ అని రాసుకుని ఊరుకోవద్దు, తెమడ పరీక్ష చేయించాలి, సర్కారు దవాఖానలో టీబీ పరీక్షా మందులూ రెండూ ఫ్రీ. చెంబులు చెంబులు నీళ్లు తాగి రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తున్నారంటే ముందు షుగర్ చూడండి. సలి, జరం విడతలు విడతలుగా వస్తుంటే మలేరియా పరీక్ష.

మన జిల్లాల్లో ఇంకో రెండు ఉన్నాయి, మీ పది ప్రశ్నల్లో లేకపోయినా మీరు అడగాలి. పత్తి చేనుకి మందు కొట్టి వచ్చిన మనిషికి విపరీతంగా చెమట, నోట్లోంచి చొంగ, వాంతులు, కంటిపాప చిన్నగా అయిపోవడం కనిపిస్తే అది పురుగుమందు విషం, క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పైన అన్న ఆ పాత గ్రంథంలో "విషం తగిలిందా" అని అడగమన్నారని రాశారు కదా, అది చదివి నాకు మొదట గుర్తొచ్చింది ఈ పత్తి రైతులే. రెండోది కల్లు. నిద్ర పట్టడం లేదు, చేతులు వణుకుతున్నాయి, గుబులుగా ఉంది అని ఎవరైనా వస్తే కల్లు తాగుతారా, ఈ మధ్య మానేశారా అని కచ్చితంగా అడగండి. పాలమూరులో మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటుపడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతారు. దానికి సూదులు కాదు, అడ్మిషన్ కావాలి.

మిర్యాలగూడ_కోడలు:
నేను వైద్యం చదవలే, పేషెంట్‌నే. అక్క, అత్త ముందట అడిగితే నేనైతే ఏం చెప్పేదాన్ని కాదు, చెప్పలే గూడ. తెల్లబట్ట అవుతున్న ముచ్చట శాన రోజులు నాలోనే పెట్టుకున్న. నన్ను చూసిన డాక్టరమ్మ "బరువు చూస్త, బీపీ చూస్త, నువ్వొక్కదానివే లోపలికి రా" అన్నది, తలుపు దగ్గరికేసి మెల్లగ అడిగింది, అప్పుడు అన్ని చెప్పిన. మీ కాడ పరద ఉంటే చాలు. అత్తను గూడ చిన్నబుచ్చొద్దు, "అమ్మా నీ మోకాళ్ల సంగతి తర్వాత చూస్త, జర బయట కూసో" అంటే ఆమె ఖుషీగ కూసుంటది.

ఆయుర్వేదం_వనపర్తి:
ఒక్క మాట. మన వాగ్భటుడు గూడ చూసుడు, ముట్టుడు, అడుగుడు, మూడింటితోని రోగిని పరీక్ష చెయ్యాలె అన్నడు. నాడి ఒక్కటే చాలు అని మన శాస్త్రం గూడ చెప్పలే. గది చెప్తే మన పెద్దమనుషులు తొందరగ ఒప్పుకుంటరు, చైనా ముచ్చట కంటె.

దేవరకొండ_చెల్లె:
అందరికి శాన థ్యాంక్స్, మిర్యాలగూడ అక్కకు మరీ. పరద రేపే కట్టిపిస్త. ఒక కేసు అడుగుత. మర్రిగూడ మండలం నుంచి ఒకామె వస్తది, యాభై దాటినయి, కూలి పని. మోకాళ్లు, నడుము పట్టేస్తయి. పాలమూరు అన్న చెప్పినట్టు కొమ్మలు కొమ్మలు అడిగిన, కాచిన నీళ్లే తాగబుద్ధయితదట, పాదాలు సల్లగ ఉంటయట, తెల్లారక ముందే దొడ్డికి లేస్తదట. నేను కిడ్నీ యాంగ్ (మన లెక్కల కిడ్నీ ఒంటికి ఇచ్చే వేడి) తక్కువ అని రాసిన. సరైనదేనా?

పాలమూరు_సూదిమందు:
మన లెక్కల ఆ మూడు ఒక్క దిక్కే చూపిస్తున్నయి, మంచిగనే అడిగినవ్. కీళ్లనొప్పి సంగతి మాత్రం ఇంకా విడగొట్టాలె, వాన మబ్బుకు ఎక్కువైతదా, బరువుగ ఉంటదా, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు తిరుగుతదా, కాపడం పెడ్తె తగ్గుతదా.

పీహెచ్‌సీ_నాగర్‌కర్నూల్:
మర్రిగూడ అన్నారు కదా, ఆమె పుట్టిన ఊరు ఏది, పెళ్లయి వచ్చిన ఊరు ఏది, మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు ఏ బోరు నీళ్లు తాగింది, ఇప్పుడు వంటకి ఏ నీళ్లు వాడుతుందో అడగండి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. తర్వాత మీ ముందే మూడు పనులు చేయించండి. గడ్డం ఛాతీకి ఆనించమనండి, మోకాళ్లు వంచకుండా కింద రూపాయి బిళ్ల తియ్యమనండి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనండి. చెయ్యలేకపోతే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు పాడయ్యే రోగం) అనుమానించి ముంజేయి, నడుము ఎక్స్‌రేకి జిల్లా ఆసుపత్రికి రాసి పంపండి. ఆమె పళ్లు కూడా ఒకసారి చూడండి, పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలు ఉన్నాయా అని కూడా అడగండి.