మోడెం బాగుంటే హూటర్ మోగుతోంది, ఆపేస్తే నోరు మూసుకుంటోంది – అలారం రిలే ఎలా కలపాలి?

గాజువాక_వైర్‌మ్యాన్
అందరికీ నమస్తే. గాజువాక దగ్గర మా సైట్‌లో శాటిలైట్ మోడెం ఒకటి ఉంది, ఎల్-బ్యాండ్ ది. రాత్రిపూట మనిషి ఉండడు కాబట్టి లింకు పోతే సెక్యూరిటీ గదిలో హూటర్ మోగాలని మా సారు పట్టు. వెనక అలారం కనెక్టర్‌లో యూనిట్ ఫాల్ట్, టీఎక్స్ (పంపే వైపు), ఆర్ఎక్స్ (అందుకునే వైపు) అని మూడు అలారం రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, మూడింటికీ కామన్, ఎన్ఓ (నార్మల్లీ ఓపెన్), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) పిన్నులున్నాయి. ఎన్ఓ అంటే మామూలుగా తెరిచి ఉండి, ఫాల్ట్ వస్తే మూసుకుంటుంది కదా అని యూనిట్ ఫాల్ట్ కామన్‌కీ ఎన్ఓకీ మధ్య 24 వోల్టుల హూటర్ కలిపాను. స్విచ్ వేయగానే ఒకటే గోల. లైట్లన్నీ గ్రీనే! మోడెం ఆపేస్తే హూటర్ కూడా ఆగిపోతోంది. పిన్నులు తప్పుగా ముద్రించారా?

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం మెనూలో టెస్ట్ మోడ్‌లు అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పట్నుంచి అవతలి సైట్‌కి పింగ్ పోవట్లేదు, కానీ రిసీవ్ లాక్ గ్రీన్, ఈబీఎన్ఓ (సిగ్నల్ నాణ్యత చెప్పే అంకె) ఎప్పుడూ 8, 9 డీబీ ఉండేది ఏకంగా 16 చూపిస్తోంది. సిగ్నల్ బాగా పెరిగిందని సంబరపడ్డాను కూడా.

పాత_ఆపరేటర్
తమ్ముడూ, పిన్నులు సరిగ్గానే ఉన్నాయి. ఎన్ఓ, ఎన్‌సీ అని రాసేది రిలేకి కరెంటు లేనప్పటి స్థితిని బట్టి. ఈ మోడెంలలో అంతా బాగున్నప్పుడు రిలే కాయిల్‌కి కరెంటు ఉంటుంది, ఫాల్ట్ వచ్చినా పవర్ పోయినా కాయిల్ వదిలేస్తుంది. మాన్యువల్‌లో పిన్నుల పట్టిక దగ్గర 'డీ-ఎనర్జైజ్డ్, ఫాల్టెడ్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు. అంటే ఆరోగ్యంగా ఉన్నంతసేపూ నీ ఎన్ఓ మూసుకునే ఉంటుంది.

సరే ఎన్‌సీకి మారుస్తాను అంటావేమో. మోగుతుంది, కానీ వైరు ఎలుక కొరికితే ఎవరికీ తెలీదు. మూడు రిలేల ఎన్ఓలనీ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి, వాటి గుండా 24 వోల్టులు ఒక బయటి రిలే కాయిల్‌కి పంపు. ఆ బయటి రిలే ఎన్‌సీ మీద హూటర్ పెట్టు. ఇప్పుడు ఫాల్ట్ వచ్చినా, మోడెం ఆరినా, వైరు తెగినా మోగుతుంది. హూటర్‌కి మాత్రం వేరే బ్యాటరీ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా గదిలో యూపీఎస్ దిగిపోయి మోడెం ఆరిపోయింది, హూటర్ కుయ్యిమనలేదు, హూటర్‌కీ అదే యూపీఎస్ కరెంటు ఇచ్చి కూర్చున్నాం.

కాయిల్‌కి అడ్డంగా డయోడ్ పెట్టడం మర్చిపోకు. మోడెం రిలే చిన్నది, 230 వోల్టుల హూటర్ నేరుగా దాని మీద వేయకు.

ఉప్పుగాలి
పాత_ఆపరేటర్ గారు చెప్పింది కరెక్ట్. వైరింగ్ అయ్యాక ముందు మోడెం పవర్ తీసి చూడు, తర్వాత ఆర్ఎక్స్ కేబుల్ విప్పి చూడు, రెండుసార్లూ మోగాలి. జంక్షన్ బాక్సు బయట ఉంటే గ్లాండ్ (కేబుల్ దూరే చోటి బిగింపు) గట్టిగా బిగించు, మన సముద్రపు గాలికి టెర్మినళ్ళు ఏడాది తిరక్కుండానే పచ్చగా పూస్తాయి.

ఇక నీ 16 డీబీ. ఆకాశం ఒక్క సాయంత్రంలో అంత మంచిదైపోదు బాబూ! ఐఎఫ్ లూప్‌బ్యాక్‌లో వదిలేశావు. నీ మాడ్యులేటర్ (పంపే భాగం) నుంచి బయల్దేరిన సిగ్నల్ మోడెం లోపలే తిరిగి నీ డీమాడ్యులేటర్‌కి (అందుకునే భాగానికి) వస్తోంది, మన గొంతు మనకే వినపడ్డట్టు. టెస్ట్ లైట్ ఏదైనా వెలుగుతోందా చూడు, మోడ్‌ని నార్మల్‌కి తిప్పు. లూప్‌బ్యాక్‌లో ఉన్నంతసేపూ డిష్ కూలిపోయినా ఆర్ఎక్స్ అలారం రాదు, హూటర్ ఎంత బాగా కట్టినా దండగ. అదే మెనూలో సీడబ్ల్యూ కూడా ఉంటుంది, శుద్ధ క్యారియర్ పంపే మోడ్, ఎన్ఓసీ (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే కేంద్రం) వాళ్ళు లైన్‌లో ఉండి పంపమంటే తప్ప దాని జోలికి పోకు.

గాజువాక_వైర్‌మ్యాన్
లూప్‌బ్యాకే! నార్మల్‌కి తిప్పగానే 8.4కి దిగింది, పింగ్ వస్తోంది. టెస్ట్ లైట్ నిన్నట్నుంచి వెలుగుతూనే ఉంది, దాని మీద నేనే స్టిక్కర్ అంటించి ఉన్నాను. రిలే కూడా మీరు చెప్పినట్టే కట్టాను, పవర్ తీస్తే మోగింది. ఇందాక వాన జోరుగా పడినప్పుడు రెండుసార్లు మోగి ఆగింది, మరి ఆర్ఎక్స్ అలారం మాస్క్ చేసేయనా, అంటే అసలు రాకుండా ఆపేయనా?

పాత_ఆపరేటర్
మాస్క్ వద్దు, చేస్తే ఇంత పడ్డ కష్టం దేనికి? బయటి రిలే, హూటర్ మధ్య 30 సెకన్ల టైమర్ వేయి, ఫాల్ట్ అంతసేపు నిలిస్తేనే మోగేలా. మీది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహమైతే మార్చి మధ్యలో, అక్టోబరు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా దాని వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు మోగిస్తాడు, అప్పుడు కంగారుపడకు. ముందు ఆ స్టిక్కర్ పీకేయ్.