తిరుపతిలో చిన్న దుకాణానికి జీఎస్టీ ఆడిటర్ ఫీజు ఎలా లెక్కగట్టాలి?

మాది స్టీల్ సామాన్ల దుకాణం, ఏటా కోటిన్నర లోపు అమ్మకం. ఆడిటర్ ఫీజు పెంచమంటున్నారు. పని పెరిగిన మాట నిజమే. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లోని ఐఎంఎస్‌లో (సప్లయర్లు ఎక్కించిన బిల్లులను ఒప్పుకునే, తిప్పికొట్టే చోటు) సప్లయర్ల బిల్లులు చూడాలి. పట్టించుకోకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. 2025 జులై నుంచి 3బీలో (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) పోర్టల్ నింపిన అమ్మకాల పన్ను మార్చే వీల్లేదు, తప్పు దొర్లితే 3బీ వేసేలోపే 1ఏలో (అమ్మకాల వివరాలు సవరించే ఫారం) సరిదిద్దాలి. అయినా ఆడిటర్‌కి ఎక్కువ సమయం తినేది మేం సంచిలో తెచ్చిచ్చే బిల్లులే.

చిన్న వ్యాపారులకున్న క్యూఆర్ఎంపీ పద్ధతికి మారితే రిటర్నులు మూడు నెలలకోసారే, మొదటి రెండు నెలల్లో ఏ నెల పన్ను మాత్రం ఆ తర్వాతి నెల 25లోపు కట్టాలి. బిల్లులు మేమే ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఇస్తే ఫీజు ఎంత తగ్గించమనడం న్యాయం? జీఎస్టీ నోటీసు వస్తే జవాబు రాసినందుకు డబ్బు ఆ ఫీజులోనే కలపాలా, విడిగానా? చిత్తూరు, తిరుపతి వైపు ఈ పని చేసేవాళ్లు దయచేసి చెప్పండి.