టీబీ మాత్రలతో నాన్న లివర్ పాడవుతుందా? సిరప్ పోయొచ్చా?

బొబ్బిలి కుర్రోడు:
నాన్నకి ఊపిరితిత్తుల టీబీ. గవర్నమెంటు మాత్రలు మొదలెట్టినప్పటి నుంచి మూత్రం నారింజ రంగులో వస్తోంది, అన్నం సహించట్లేదు. కామెర్లు వచ్చేశాయి, పసరు పోయించండి అని వీధిలో అందరూ ఒకటే గోల. మెడికల్ షాపాయన లివర్ సిరప్ చేతిలో పెట్టాడు, అమ్మేమో మాత్రలు ఆపేద్దామంటోంది. నాన్నకి సాయంత్రం కల్లు అలవాటు కూడా. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

రాజాం అక్క:
తమ్ముడూ, ఆ రంగు టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందుది, చెమట, కన్నీళ్లు కూడా అలాగే వస్తాయి, దానికి భయం లేదు. నువ్వు చూడాల్సింది కళ్లు. పగటి వెలుతురులో నాన్నని పైకి చూడమని, కింది రెప్ప కాస్త లాగి చూడు. తెల్లగుడ్డు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఆ పూట మాత్రలు వెయ్యకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఇవేవీ లేకపోతే మాత్రలు ఆపొద్దు, కానీ అన్నం సహించట్లేదంటున్నావు కాబట్టి రేపే లివర్ ఎలా పనిచేస్తుందో చూసే ఎల్‌ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించు.

ల్యాబ్ బాబాయ్:
టీబీకి ఇచ్చే నాలుగు మందుల్లో లివర్ మీద పడేవి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. ఎథాంబుటాల్‌తో ఆ గొడవ దాదాపు ఉండదు. రిపోర్టులో ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కొంచెం పెరగడం చాలామందికి ఉంటుంది, దానంతటదే దిగుతుంది. లక్షణాలుండి నార్మల్‌కి 3 రెట్లు దాటినా, ఏ లక్షణం లేకుండా 5 రెట్లు దాటినా డాక్టర్లు ఆపిస్తారు, దిగాక ఒక్కొక్క మందే మళ్లీ మొదలెడతారు. మనంతట మనం ఆపి మళ్లీ వేసుకుంటే మాత్రం టీబీ మొండికేసి, మందులకి లొంగకుండా పోతుంది. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించు, అవి ఉంటే ముప్పు ఎక్కువ.

పలాస నుంచి:
పసరు జోలికి అస్సలు పోకండి, అందులో ఏ ఆకు నూరారో పోసినోడికే తెలియాలి. సిరప్ లివర్‌ని కాపాడుతుందనడానికి గట్టి రుజువేం లేదు, ఆ డబ్బుతో గుడ్లు కొనండి. కల్లు మానాల్సిందే, "కొంచెమే కదా" అంటారు, వినకండి. జ్వరానికి పారాసెటమాల్ కూడా డాక్టర్‌ని అడక్కుండా వెయ్యొద్దు.

బొబ్బిలి కుర్రోడు:
కళ్లు చూశాను, తెల్లగానే ఉన్నాయి. పొద్దున్నే పరీక్షకి తీసుకెళ్తాను. చోడి అంబలి ఇవ్వొచ్చా?

రాజాం అక్క:
శుభ్రంగా ఇవ్వు. వికారంగా ఉంటే మాత్రలకి ముందు ఏదైనా తేలిగ్గా తినొచ్చేమో డాక్టర్‌ని అడుగు. టీబీ ఉన్నోళ్ల తిండికి గవర్నమెంటు ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకి 1000 రూపాయలు వస్తాయి, బ్యాంకు వివరాలు ఇచ్చారో లేదో కనుక్కో.