ఎడిట్ పేజీలో ఇజ్రాయెల్, పాలస్తీనా: చెరొక వ్యాసం వేస్తే బ్యాలెన్స్ అయినట్టేనా?

అనంత_లెక్చరర్:
మాది అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ. లైబ్రరీ బయటి నోటీసు బోర్డు నా బాధ్యత. పేపర్ల ఎడిట్ పేజీల్లోంచి కొన్ని వ్యాసాలు కత్తిరించి పిన్ను గుచ్చుతుంటాను, గ్రూప్స్‌కు చదివే పిల్లలు నిలబడి చదువుతారు, లేదంటే ఫోన్లో ఫొటో తీసుకుని పోతారు. మిగతావాటితో ఇబ్బంది లేదు, గాజా మీద ఏది పెట్టినా గొడవే. పాలస్తీనా తరఫున రాసింది పెడితే "హమాస్ చేసింది ఏది మేడమ్?" అని పక్కనే ఎర్ర పెన్నుతో రాసిపోతారు. ఇజ్రాయెల్ తరఫున రాసింది పెడితే మధ్యాహ్నానికల్లా బోర్డు మీద పిన్నులు మాత్రమే మిగులుతాయి. మా ప్రిన్సిపాల్ సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు, "చెరొకటి పెట్టమ్మా, ఎవరూ నోరెత్తరు" అని. అలాగే పెడుతున్నాను, నిజంగానే నోరెత్తడం లేదు, కానీ నాకే తృప్తిగా లేదు. ఒక పార్టీ నాయకుడి వ్యాసం పక్కన ఒక మాజీ రాయబారి వ్యాసం. రెండూ చదివిన పిల్లలకు ఆ ఇద్దరి కోపం తెలుస్తోంది గానీ అక్కడ జరుగుతున్నది తెలియడం లేదు. పేపర్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, బ్యాలెన్స్ ఉందో లేదో మీరు దేన్నిబట్టి చూస్తారు?

బురుజు_నీడ (కర్నూలు):
నేను డెస్కులో చాలా ఏళ్లు ఎడిట్ పేజీ చూసి రిటైరైనవాణ్ణి. మీరు అనుకునేంత ఆలోచన ఆ పేజీ వెనక ఉండదు మేడమ్. యుద్ధం వార్త రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ లాంటి ఏజెన్సీల నుంచి వస్తుంది, వ్యాసం ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న మనిషి నుంచి వస్తుంది. పేజీ వదలాల్సిన టైముకు చేతిలో ఏది ఉంటే అదే పోతుంది. ప్రజాశక్తి, విశాలాంధ్ర కమ్యూనిస్టు పార్టీల పత్రికలని అందరికీ తెలుసు, వాటిని ఆ ఎరుకతోనే చదువుతాం, అక్కడ పేచీ లేదు. మేం ఎవరి వైపూ కాదనే పేపర్లతోనే చిక్కు.

నేను మొదట చూసేది వ్యాసం కింద చిన్న అక్షరాల్లో ఉండే పరిచయం. "వ్యాసకర్త అంతర్జాతీయ వ్యవహారాల నిపుణులు" అని వదిలేస్తే నాకు అనుమానమే. ఆయన ఏ పార్టీ మనిషి, ఏ ప్రభుత్వానికి పనిచేశాడు, ఆయుధాల వ్యాపారంతో ఏమైనా సంబంధం ఉందా అన్నది పాఠకుడికి చెప్పాలి కదా. మా డెస్కుల్లో అడిగేవాళ్లు తక్కువ, అడిగితే పెద్దాయన నొచ్చుకుంటాడని మొహమాటం.

ఆ తర్వాత, కథ ఏ తేదీన మొదలుపెట్టాడన్నది చూస్తాను. హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసిన 2023 అక్టోబర్ 7న మొదలుపెట్టినవాడికి చనిపోయిన 1,200 మంది, బందీలుగా పోయిన 251 మంది కనిపిస్తారు, 1967 నుంచి వెస్ట్ బ్యాంక్‌లో సాగుతున్న ఆక్రమణ కనిపించదు. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948లో మొదలుపెట్టినవాడికి ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న ఏడు లక్షల మంది పాలస్తీనీయులు కనిపిస్తారు, 1947 నాటి ఐక్యరాజ్యసమితి విభజన ప్రణాళికను అరబ్ దేశాలు కాదన్న సంగతి కనిపించదు. ఎవరైనా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టక తప్పదు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నెలల తరబడి ఒక పేపర్లో వ్యాసాలన్నీ ఒకే తేదీన మొదలవుతుంటే అది ఆ పేపర్ వైఖరే, సంపాదకీయంలో ఒక్క ముక్క రాయకపోయినా సరే.

కడప_టు_కువైట్:
బ్యాలెన్స్ బ్యాలెన్స్ అంటారు గానీ చావులేమైనా సమానంగా ఉన్నాయా సార్? గాజాలో పదుల వేల మంది పోయారు. 2024 జనవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం జాతి నిర్మూలన జరగకుండా చర్యలు తీసుకోమని ఇజ్రాయెల్‌ను ఆదేశించింది, అదే ఏడాది జూలైలో ఆ ఆక్రమణే చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. ఇంత జరిగాక కూడా "రెండు వైపులా వాదనలున్నాయి" అని పక్కపక్కన వేసి కూర్చోవడం గోడ మీద పిల్లివాటం తప్ప మరొకటి కాదు. మేడమ్, ఆ చింపినవాళ్లను నేను సమర్థించను, కానీ వాళ్ల మంట నాకు అర్థమవుతుంది.

నంద్యాల_చెక్‌పోస్ట్:
అన్నా, సగం ఒప్పుకుంటా. అదే జనవరి ఉత్తర్వులో బందీలను షరతుల్లేకుండా వెంటనే వదలమని కూడా కోర్టు అంది, నువ్వు దాన్ని దాటేశావు. నవంబర్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంట్లు ఇచ్చినప్పుడు నెతన్యాహు, ఇజ్రాయెల్ మాజీ రక్షణ మంత్రి గాలంట్‌లతో పాటు హమాస్ కమాండర్ డెయిఫ్ పేరూ ఉంది. ఎడిట్ పేజీలో జరిగేది కూడా ఇదే, కోర్టు మాటలో తనకు కావలసిన ముక్క తుంచుకుని మిగతాది పారేస్తారు. ఇంకోటి చెప్తాను. అక్టోబర్ 7న అలుమిమ్ అనే కిబ్బుట్జ్‌లో (ఉమ్మడి వ్యవసాయ గ్రామంలో) 10 మంది నేపాల్ విద్యార్థులను చంపేశారు, పొలంలో పని చేసుకుంటూ వ్యవసాయం నేర్చుకుందామని పోయిన పిల్లలు. హమాస్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు వాళ్ల ఊసెత్తరు సరే, ఇజ్రాయెల్ తరఫున పేజీలు నింపేవాళ్లకు కూడా వాళ్లు గుర్తొచ్చినట్టు నా కంటపడలేదు.

కడప_టు_కువైట్:
బందీల మాట వదిలేశాననేది నిజమే అబ్బా. అయినా గాలంట్‌నూ డెయిఫ్‌నూ ఒకే వరుసలో చూపించి లెక్క సరిపోయిందంటే ఒప్పుకోను.

పెన్నా_పాఠకురాలు:
అసలు రెండు వైపులనే లెక్కే నాకు తేడాగా ఉంటుంది. శ్రీశైలం నీళ్ల మీద హైదరాబాద్ నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు రాస్తే పేజీ సమతూకంగా ఉందంటారు, ముంపులో ఊళ్లు పోయిన మన కర్నూలు వాళ్ల గొంతు ఎక్కడా ఉండదు. గాజా విషయంలోనూ అంతే. టెల్ అవీవ్‌లో యుద్ధం ఆపి మావాళ్లను తెమ్మని వారం వారం రోడ్డెక్కింది బందీల కుటుంబాలే. ఇజ్రాయెల్‌లోనే హారెట్జ్ పత్రిక తమ ప్రభుత్వాన్ని ఎంతగా దుయ్యబట్టిందంటే, 2024 నవంబర్‌లో దానికి సర్కారు ప్రకటనలు ఆపాలని మంత్రివర్గం తీర్మానించింది. 2025 మార్చిలో గాజా ఉత్తరాన బెయిత్ లాహియాలో జనం హమాస్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు, బాంబుల మధ్యనే. ఈ మనుషుల్ని ఏ పిన్ను కింద పెడతారు మేడమ్? చెరొకటి అనగానే వీళ్లంతా బోర్డు దిగిపోతారు.

పైగా యుద్ధం మొదలయ్యాక విదేశీ విలేకరులను స్వతంత్రంగా గాజాలోకి ఇజ్రాయెల్ పోనివ్వలేదు. సైన్యం వెంట, వాళ్లు చూపించింది చూసి రావాల్సిందే. లోపలి వార్త రాసింది పాలస్తీనా విలేకరులు, వాళ్లలో ఎంతోమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మృతుల సంఖ్య ఇచ్చేది గాజా ఆరోగ్య శాఖ, అది హమాస్ పాలనలోది, పౌరులనూ సాయుధులనూ విడదీసి చెప్పదు, అయినా ఐక్యరాజ్యసమితి సంస్థలు ఆ లెక్కలనే వాడుతున్నాయి. ఇవన్నీ రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. ఇవి చెప్పకుండా అంకె మాత్రం వేసేవాడినీ, "హమాస్ లెక్క" అని కొట్టిపారేసేవాడినీ నేను ఒకేలా చూస్తాను.

అనంత_లెక్చరర్:
చాలా థ్యాంక్స్. చెరొకటి పద్ధతి ఆపేస్తున్నాను. ఇకమీదట ప్రతి వ్యాసం కింద, రాసినవారు ఎవరో ఒక చీటీ మీద నేనే రాసి అంటిస్తాను. హారెట్జ్ లాంటివి తెలుగులో దొరకవు కాబట్టి ఇంగ్లీషువి ప్రింట్ తీసి, నాకు చేతనైనంతలో సారాంశం రాస్తాను. ప్రిన్సిపాల్ సార్ ఏమంటారో చూడాలి. ఒక పిల్ల అడిగింది, మన దేశం ఎటువైపని. దీనికీ మన పేపర్ల వైఖరికీ సంబంధం ఉందా సార్?

బురుజు_నీడ (కర్నూలు):
లేకేం. ఢిల్లీ గొంతు మారినప్పుడల్లా మా పేజీల గొంతూ కొంచెం మారేది, ఎవరూ చెప్పకుండానే. 1947లో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేశాం, 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించాం, 1974లో పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌వోను, 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించాం, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధానికి మానవతా విరామం కోరిన ఐక్యరాజ్యసమితి తీర్మానానికి ఓటెయ్యకుండా దూరంగా ఉండి, డిసెంబర్‌లో కాల్పుల విరమణకు అనుకూలంగా వేశాం. ఈ తేదీలన్నీ ఒక చీటీ మీద రాసి పెట్టండి, ఆ పిల్లకు పరీక్షలోనూ పనికొస్తాయి.

బోర్డుతో ఆగకండి, పేపరుకు ఉత్తరం కూడా రాయించండి. "మీరు పక్షపాతం చూపుతున్నారు" అని రాస్తే డెస్కులో ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. ఫలానా తేదీ వ్యాసంలో వ్యాసకర్త ఫలానా పదవిలో ఉన్న సంగతి చెప్పలేదు, ఫలానా ఉత్తర్వులో ఈ వాక్యం వదిలేశారు అని రాయండి. నూట యాభై పదాలు దాటొద్దు, కత్తెర పడుతుంది. పీడీఎఫ్ పంపొద్దు, మెయిల్‌లోనే యూనికోడ్‌లో టైపు చేయండి, మళ్లీ కొట్టే ఓపిక డెస్కులో ఎవరికీ ఉండదు.